విశ్వాసము – నిత్యవర్తనము



క్రైస్తవ విశ్వాసమును నిత్యజీవితమున ఆచరించుటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మన సంఘ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము బోధకులము కాము. ముప్పదియారు సంవత్సరములు పిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్న బడిపంతులము. ఈ పందిరిలో ఆదివారము ప్రార్థనకు పోవువారును గలరు, ఎల్లమ్మకు బోనమెత్తువారును గలరు. ఉభయులును మా బంధువులే. కావున ఎవరి దేవుడు గొప్పవాడను వాదమునకు మేము పోము. క్రైస్తవులమని చెప్పుకొను మాబోటివారి నడవడి యెట్లున్నదను విచారణ మాత్రమే చేయబూనితిమి. తక్కిన బంధువులు విని నవ్వుకొన్నను మాకు కష్టము లేదు. వారు మమ్ము ప్రతిదినమును చూచుచున్నవారే గదా!

వ్యాకరణము మాకు విడువరాని వ్యసనము, క్షమింపగోరెదము. 'విశ్వాసము' అను మాట 'శ్వస్' అను ధాతువునుండి పుట్టినది. 'శ్వాస' యనునదియు అందుండి వచ్చినదే. ఆదివారమునాడు మాత్రము ఊపిరి పీల్చి తక్కిన ఆరు దినములు మానుకొనువానిని మేమింతవరకు చూచి యెరుగము. మరియొక మాట 'సాక్షి'. సాక్షాత్తుగా చూచినవాడని దానికి వ్యుత్పత్తి. మన ప్రార్థనాలయములలో 'సాక్ష్యము చెప్పుట' యను ఆచారమొకటి గలదు. కాని అందు ఎవరి సాక్ష్యమును వారే చెప్పుకొందురు. మనలను చూచుచున్న పొరుగువానిని పిలిచి, "ఇతడు నీకు కొలత సరిగా కొలిచినాడా? బదులు తెచ్చినది తీర్చినాడా?" అని ఎవరును అడుగరు. అడిగినచో ఆరాధన మధ్యాహ్నమునకు ముగియదేమో!

మన అరుంధతీయ కులమున ఈ విశ్వాసము ప్రవేశించిన తీరు మరవదగినది కాదు. ఒంగోలు ప్రాంతమున యెర్రగుంట్ల పేరయ్యగారని తోళ్ళవర్తకుడుండెను. అంతకుముందే రాజయోగమార్గమున సాధన చేసి, దైవమును వెదకుచున్న మనుష్యుడు. ఆయన 1866లో బాప్తిస్మము పొందెను. అదే యేట ఒంగోలునందు కాపురము పెట్టిన అమెరికా దేశపు మిషనరీ క్లౌ దొరగారు ఆయన వెంట పల్లెలు తిరిగెను. నూతనముగా చేరినవారికి ఆనాడు విధించిన నియమములు మూడు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు.

ఈ మూడును చదువుటకు చిన్నవిగా నుండును. పల్లెలో ఆచరించుటకో? ఊరిలో పశువు చచ్చినచో ఈడ్చుకొనిపోవుట మనవారి విధి. దాని మాంసమే కూలిలో భాగము. అది తిననని చెప్పుట యనగా ఒక పూట కూడు మానుకొనుట మాత్రమే కాదు, ఊరు మనకు ఏర్పరచిన స్థానమును కాదనుట. కోతల నాళ్ళలో ఆదివారము రానని చెప్పుట ఆసామి యెదుట నిలిచి మాటాడుట. జాతరలో డప్పు కొట్టనని చెప్పుట గ్రామాధికారులను ధిక్కరించుట. అందుచేత నీళ్ళకు పోనీయకుండుటయు, వెట్టికి ఈడ్చుటయు, నేరములు మోపుటయు జరిగెను. చదువెరుగని మన ముత్తాతలు విశ్వాసప్రమాణములను వల్లించి క్రైస్తవులు కాలేదు. నోటిలోనికి ఏమి పోవలెను, చేతితో ఏమి చేయవలెను అనుచోట క్రైస్తవులైరి. (డప్పు మన కళ గదా, దానిని విడిపించుట తగునా యని నేటి యువకులు కొందరు మమ్మడిగిరి. నాడు విడిచినది వెట్టిని. నేడు మీరు పట్టినది వాద్యమును. రెంటియందును మాకు దోషము కానరాదు.)

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున గొప్ప కరవు సంభవించెను. బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును క్లౌ దొరగారు గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపెను. కరవుపని సాగుచుండగా బాప్తిస్మమడిగిన వారికి ఇచ్చినవాడు కాడు. తిండికొరకు మతమున చేరిరన్న మాట రాకుండవలెనని ఆయన తలంపు. కరవు తీరిన పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చరిత్రకారులు ఈ సంఖ్యను చూచి ఆశ్చర్యపడుదురు. మాకు ఆశ్చర్యము కలిగించునది అంతకు ముందరి సంగతి. కూలివాని యెదుట గంపలెక్క వ్రాయుచు దినమంతయు నిలుచున్న మేస్త్రీయే సాయంకాలము సువార్త చెప్పెను. అతడు పగలు లెక్క తప్పినవాడైనచో రాత్రి అతని మాటను ఎవరు వినియుందురు?

ఇక మా యింటి ముచ్చట. మా తండ్రిగారు చెప్పులు కుట్టి మమ్ము చదివించిరి. లందలో తంగేడు చెక్క వేసి తోలు ఊనుట, ఆరె పట్టి కుట్టుట తప్ప వేరు విద్య వారికి రాదు. అక్షరములు రావు గనుక బైబిలు చదువలేరు. ప్రార్థనలో నిలిచి మాటాడుమన్న సిగ్గుపడుదురు. చెప్పు అడుగున రెండు మూడు పొరలుండునని మీకు తెలియనిది కాదు. పైపొర, అడుగుపొర కనబడును. నడిమి పొర కనబడదు. చాలమంది అక్కడ పాతచెప్పు ముక్కయో, చివికిన తోలో పెట్టి కుట్టెడివారు. కొన్నవానికి అది వానకాలముననే తెలియును. అప్పటికి సంత ముగిసియుండును. మా తండ్రిగారు నడిమి పొరకును మంచి తోలే వేసెడివారు. మేము పదేండ్ల ప్రాయమున, "ఎవరికి కనబడును నాయనా? అంత తోలు దండుగ గదా!" అంటిమి. వారు తలయెత్తకయే, "కుట్టేటప్పుడు నాకు కనబడుతుంది గదరా!" అనిరి. తరువాత చాలకాలము వేదాంతగ్రంథములు తిరుగవేసితిమి గాని, సాక్షి శబ్దమునకు ఇంతకు మించిన వ్యాఖ్యానము మాకు దొరకలేదు. ఆయన మరణించిననాడు మాల పల్లెనుండియు, ఊరిలోనుండియు మనుష్యులు వచ్చిరి. ఒక ముసలి కాపు, ఎన్నడును మా వాడలో అడుగిడనివాడు, గడప దగ్గర చెప్పులు విడిచి నిలుచుండెను. ఆ చెప్పులు మా తండ్రిగారు కుట్టినవే.

అట్టివారి కుమారులమైన మేము ఎట్లు నడచితిమో చెప్పకుండుట న్యాయము కాదు. మమ్ము బడిలో వేసిననాడు మతమనుచోట పంతులుగారు అడుగకయే 'హిందూ' అని వ్రాసిరి. పెద్దవారమైన తరువాతను మేము దిద్దింపలేదు. ఆ అక్షరములమీదనే విద్యార్థివేతనము వచ్చెను, ఉద్యోగమును వచ్చెను. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వునుబట్టి హిందువు కానివాడు షెడ్యూల్డు కులమువాడుగా పరిగణింపబడడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అందు చోటు కల్పించిరి. క్రైస్తవులకు కల్పింపలేదు. మన తెలుగునాట వారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున చేర్చి ఒక శాతము కేటాయించిరి. ఈ శాసనము న్యాయమైనదని మేమనము. ప్రార్థన మారినంతమాత్రమున హోటలులో మనకు వేరుగా పెట్టిన గ్లాసు మాయము కాలేదు. తాకరానివాడని త్రోసిన చేయి, వీని మతమేమని అడిగి త్రోయలేదు. ఐనను శాసనము అన్యాయమైనంత మాత్రమున అసత్యము సత్యమగునా? ఈ ప్రశ్నను మేము ముప్పదియారేండ్లు ప్రక్కకు నెట్టుచు వచ్చితిమి.

ప్రధానోపాధ్యాయులముగా నున్నప్పుడు తండ్రులు ప్రవేశపుస్తకమునొద్దకు వచ్చి, గొంతు తగ్గించి, "హిందూ అని వేయండి, మాస్టారూ!" అనెడివారు. వారిలో కొందరు ఆదివారము బోధించువారు. మేము తలయెత్తక వ్రాసితిమి. మా పత్రము గుర్తుకు వచ్చుచుండ వారిని తప్పుపట్టుటకు మాకు నోరెక్కడిది? ఒక్క శిష్యుడు మాత్రము పదవతరగతి పత్రములు నింపునాడు 'క్రైస్తవుడు' అని తానే వ్రాసికొనెను. "ఆలోచించుకొంటివా, నాయనా?" అని అడిగితిమి. "ఆలోచించుకొన్నానండీ" అనెను. కొంతకాలమునకు, చేరగోరిన చదువులో చోటు కొలది మార్కులలో తప్పిపోయెను. ఆ పిల్లవాడు చేసినట్లు అందరు తల్లిదండ్రులును చేయవలెనని చెప్పుటకు మాకు అధికారము లేదు. బీదవాని కంచమును లాగికొని ధర్మోపన్యాసము చేయుట సులభము. అతడిప్పుడు వేరొక పనిలో కుదురుకొన్నాడు. బజారులో కనబడినప్పుడు నమస్కరించును. తల దించుకొనువారము మేమే.

కట్నము సంగతి పెండిండ్ల కాలమున అందరును మాటాడుదురు గనుక దానిని విస్తరింపము. పిల్లవాని చదువును తూకము వేసి ధర కట్టి, ఆ పిమ్మట గురువుగారిచే ఆశీర్వాద మిప్పించుట మా చుట్టములలోనే మూడుమార్లు చూచితిమి. మూడుమార్లును భోజనము చేసి వచ్చితిమి. శ్మశానభూమి సంగతి అంతకంటె కష్టమైనది. మాలలు, మాదిగలు ఒకే క్రీస్తును కొలుచుచు, పెక్కుచోట్ల రెండు ప్రార్థనాలయములును, రెండు సమాధిస్థలములును ఉంచుకొన్నారు. పైకులములు మనకు చేసినదానిని మనమే ఒకరికొకరము నేర్పుకొంటిమి. కులసంఘ సభలో ఈ మాట పలుకుట అపశ్రుతియని కొందరనవచ్చును. కులము పేర మన హక్కులు అడుగుకొందము. అందు దోషము లేదు. ఆ పేరనే ఇతరునికి గుంత నిరాకరించినపుడు మాత్రము మన గీతములను మెల్లగా పాడుకొనుట మంచిది.

చివరి విషయము. ఉదయమునుండి ఈ పందిరి వెలుపల వేపచెట్టు క్రింద డక్కలి పెద్దాయన ఒకరు, మనుమడు, కిన్నెరతో కూర్చుండియున్నారు. మన జాంబవపురాణమును, మన వంశములను పాడువారు వారే. మనలనే యాచించి బ్రదుకువారు వారే. మన పెద్దలు వారిని గడపలోనికి రానిచ్చెడివారు కారు. ఇప్పుడును రానిత్తుమని మేము ప్రమాణము చేయలేము. ఇందాక కార్యకర్తలు ఆయనకు విస్తరిలో అన్నము పెట్టి చెట్టు క్రిందికే పంపుదుమని మాటాడుకొనుచుండగా వింటిమి. వారిది చెడ్డ తలంపు కాదు, పాత అలవాటు. మొదటి బంతిలో మాకు చోటు ఉంచితిమని కార్యదర్శిగారు చెప్పిరి. ఆ చోటికి ప్రక్కగా మరి రెండు విస్తళ్ళు వేయవలసినదిగా వడ్డించువారిని కోరుచున్నాము. ఆయనను పిలుచుకొని వచ్చుటకు మేమే పోవుదుము. రానని ఆయన అనవచ్చును; తరములనుండి రానీయని చోటు గదా! అట్లయినచో మా విస్తరిని చెట్టు క్రిందికి పంపింపుడు.