అంతర్జాలమున న్యాయాన్వేషణము



చట్టము తెలియదన్న సాకు న్యాయస్థానమున చెల్లదు. అట్లయినప్పుడు ఆ చట్టము ప్రజలకు అందుబాటులో నుండుట న్యాయము. పదుమూడవ శతాబ్దమున కేతన కవి, యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయగు మితాక్షరను అనుసరించి విజ్ఞానేశ్వరీయమును తెలుగు పద్యములలో రచించెను. సంస్కృత మెరుగనివానికిని ధర్మశాస్త్రము దాని వలన అందెను. ఆ పనినే నేడు అంతర్జాలము వేరొక రీతిని చేయుచున్నది. అయినను వాడుక తెలిసిన వానికే అది దీపము, తెలియనివానికి ఎండమావి.

పూర్వము తీర్పుల సంపుటములు వకీళ్ల బీరువాలలోనే యుండెడివి. నేడు కేంద్ర శాసనములును, రాష్ట్ర శాసనములును ప్రభుత్వమువారి ఇండియా కోడ్ అను స్థలమున ఉచితముగా లభించును. 2008లో ఆరంభమైన ఇండియన్ కానూన్‌లో ఒక మాట వ్రాసి వెదకినచో దానికి సంబంధించిన తీర్పులు కనబడును. 2023 జనవరి 2న సుప్రీంకోర్టువారు తమ తీర్పుల అధికార సంపుటములను, సుమారు 34,000 తీర్పులతో, ఉచితముగా తెరచిరి. జిల్లా న్యాయస్థానములలోని వ్యాజ్యమునకు సి.ఎన్.ఆర్. అను 16 అక్షరాంకెల గుర్తు ఉండును. ఈ-కోర్టుల స్థలమున దానిని నమోదు చేసినచో వాయిదా తేదీ యింటివద్దనే తెలియును. వాయిదా తెలిసికొనుటకై ఒకనాటి కూలి పోగొట్టుకొనవలసిన పని లేదు.

అయితే దొరకినదెల్ల ప్రమాణము కాదు. ఇందుకు మన యిండ్లలోని విషయమునే చూతము. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లుగా, అవివాహితలగు కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు నిచ్చెను. అప్పటికే వివాహమైనవారికి అది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించెను.

1980లో వివాహమై, 2003లో తండ్రిని పోగొట్టుకొన్న ఆడపడుచు ఒకతె కలదనుకొందము. పిత్రార్జితమగు భూమి ఇంకను పంపకము కాలేదు. హక్కు విడుదల దస్తావేజుపై వ్రేలిముద్ర వేయుమని అన్నదమ్ములు అడుగుచున్నారు. ఆమె కుమారుడు అంతర్జాలమున వెదకగా 2015 నాటి ప్రకాశ్, ఫూలవతి వ్యాజ్యపు తీర్పు కనబడెను. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి జీవించి యుండవలెనని అందు కలదు. అంతటితో పుస్తకము మూసినచో ఆమె భాగము పోయినట్లే. కాని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చి, కుమార్తె హక్కు పుట్టుకతో వచ్చునది గనుక ఆనాటికి తండ్రి జీవించి యుండ నక్కరలేదని నిర్ణయించెను. 2004 డిసెంబరు 20కి పూర్వమే చెల్లుబాటుగా జరిగిన విక్రయములను, పంపకములను మాత్రము ఇది కదల్పదు. ఒక తీర్పు చదివి రెండవది చదువకపోవుట వలన ఒక స్త్రీ భూమి పోవచ్చును!

కావున వెదకువారు ఒక క్రమమును పాటింపవలెను. మొదట శాసనమును, దాని సవరణలను చదువవలెను. పిమ్మట తీర్పు ఏ న్యాయస్థానముది, ఎందరు న్యాయమూర్తులది, ఏ తేదీది అని చూడవలెను. అటుపిమ్మట దానిని తరువాతి తీర్పు ఏదైనను మార్చెనా యని విచారింపవలెను. 1860 నాటి శిక్షాస్మృతి స్థానమున 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహిత వచ్చినది. నేటి నేరమునకు పాత సెక్షను చూచినచో ప్రయోజనము లేదు. సుప్రీంకోర్టు తీర్పులకు తెలుగు అనువాదములును కొన్ని లభించుచున్నవి. అవి గ్రహించుటకు మేలు. ప్రమాణమునకు మాత్రము ఆంగ్ల ప్రతియే.

ప్రశ్న అడిగినంతనే సమాధానము వ్రాసి యిచ్చు యంత్రములును ఇప్పుడు వచ్చినవి. వాని భాష చక్కనిది. అయినను మాట యెల్ల సత్యము కాదు. 2023లో న్యూయార్కు నగరమున ఇరువురు న్యాయవాదులు అట్టి యంత్రము కల్పించిన, లోకమున లేనేలేని తీర్పులను న్యాయస్థానమునకు సమర్పించిరి. న్యాయాధిపతి వారికిని వారి సంస్థకును కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించెను. చదువరులైన న్యాయవాదులే మోసపోయినచోట సామాన్యులు ఎంత జాగరూకులై యుండవలెను! యంత్రము పేర్కొన్న ప్రతి తీర్పును మూలమున కన్నులార చూచినగాని నమ్మరాదు.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాడు పుస్తకము పల్లెకు చేరుటే కార్యము. నేడు సమాచారము పల్లెకు తానై వచ్చుచున్నది. మంచిచెడ్డలు ఏర్చి చూపువారే కావలెను. ఒక కంప్యూటరును, వారమున కొక సాయంకాలమును, ఓపిక గల చదువుకొన్న యువకు లిరువురును ఉన్నచో చాలును. వారు వ్యాజ్యము నడుపవలదు, సలహాయును ఈయవలదు. శాసనమును వెదకి చదివి వినిపింపవలెను. ఆపై న్యాయవాది కావలసివచ్చినప్పుడు, స్త్రీలకును, బాలలకును, షెడ్యూల్డు కులముల, తెగలవారికిని 1987 నాటి న్యాయసేవా చట్టము క్రింద ఉచిత సహాయము కలదు. 15100 అను సంఖ్యకు టెలిఫోను చేసిన మార్గము తెలుపుదురు.

వ్రేలిముద్ర వేయుటకు ముందు ఒక్కసారి గ్రంథాలయమునకు వచ్చి అడుగు అలవాటు ఈ గ్రామమున నెలకొనినచో, ఈ రజతోత్సవము సార్థకమగును.