నొప్పిని ఒంటరిగా మోయనివ్వకండి
(వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)

 

ఇంట్లో దాదీ మోకాలు పట్టుకొని "యా అల్లాహ్" అంటే మనం ఏమంటున్నాం? "వయసైపోయింది, నొప్పులు మామూలే" అంటున్నాం. మెడికల్ షాపు నుండి రెండు మాత్రలు తెచ్చి చేతిలో పెట్టి మన పనికి మనం పోతున్నాం. డాక్టరును అడగకుండా నెలల తరబడి అవి మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు.

మూడు నెలలు దాటినా తగ్గనిది దీర్ఘకాలిక నొప్పి. నొప్పి కబురు వెన్నుపాములో ఒక గేటు వంటి చోటు దాటి మెదడుకు చేరుతుందనీ, మెదడు కూడా ఆ గేటును తెరవగలదనీ, మూయగలదనీ 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. దిగులు, భయం, ఒంటరితనం నొప్పిని పెంచుతాయి. అంతమాత్రాన నొప్పి అబద్ధం కాదు, నటన అంతకన్నా కాదు. శరీరానికీ మనసుకూ కలిపి వైద్యం చెప్పిన అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్ల కిందటివారు. మనకు ఇది కొత్త మాట కాదు.

మరి మనసుకు చేసే చికిత్సలో ఏం నేర్పుతారు? "కదిలితే కీళ్లు అరిగిపోతాయి" అనే భయాన్ని పరీక్షించి చూసుకోవడం. నిదానంగా శ్వాస తీసుకొని ఒళ్లు సడలించడం. నొప్పి తక్కువున్న రోజు ఇల్లంతా ఊడ్చి, తర్వాత మూడు రోజులు మంచం పట్టకుండా, పనిని కొంచెం కొంచెంగా పంచుకోవడం.

2018లో 22 పరిశోధనలను, అందులోని 2,608 మందిని కలిపి పరిశీలించారు. వృద్ధులకు మేలు కొద్దిగానే కనబడింది; అద్భుతాలేమీ లేవు. అయితే నలుగురూ కలిసి కూర్చొని నేర్చుకున్న చోట ఫలితం మెరుగ్గా ఉంది.

శనివారం సంతకు ఎన్నో ఊళ్ల వాళ్లు మన పెబ్బేరులో కలుస్తారు. మన పెద్దవాళ్లు బాధ చెప్పుకోవడానికి కలిసే చోటు ఏది? వారానికొక పూట అమ్మీలకు వేరుగా, అబ్బాలకు వేరుగా ఒక బైఠక్ పెట్టుకుందామని, తెలిసిన వైద్యులను పిలిపిద్దామని మనవి చేస్తున్నాం. ముందు డాక్టరుకు చూపించాలి, తర్వాతే ఇది. దిగులు మరీ ఎక్కువైతే 2022లో మొదలైన టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు.

సబర్ అంటే నొప్పిని దాచుకోవడం కాదు. ఈ రాత్రి ఇంటికి పోయి దాదీ పక్కన కాసేపు కూర్చొని, "ఎక్కడ నొప్పి?" అని అడగండి. చెప్పేది పూర్తిగా వినండి. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.