పెరటి కోడి కూడా వ్యవసాయమే
(రైతు సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి గిట్టుబాటు ధర గురించి, కౌలు కార్డుల గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకున్నాం. మాకు ఇచ్చిన అంశం కోళ్లు. ఆ మాట చదవగానే వెనక వరసలో కొందరు నవ్వారు. మాకేం కోపం లేదు. మేమూ ఒకప్పుడు నవ్వినవాళ్లమే. మొన్న మా గ్రామ కమిటీ తీర్మానాల పుస్తకం మొదటి నుంచి తిరగేశాం. ఎరువులున్నాయి, కరెంటుంది, సాగర్ కాలవ నీళ్లున్నాయి, నకిలీ విత్తనాలున్నాయి. కోడి అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఆ పుస్తకంలో సంతకం పెట్టిన ప్రతి ఇంటి దొడ్లోనూ కోళ్లున్నాయి. ఎందుకు రాయలేదని ఆలోచిస్తే ఒకటే జవాబు. కోళ్లు చూసుకునేది ఆడవాళ్లు, మీటింగుకు వచ్చేది మగవాళ్లు.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో కోళ్లు మొత్తం 85 కోట్ల పైచిలుకు. అందులో పెరటి కోళ్లు దాదాపు 31 కోట్ల 70 లక్షలు. అంతకు ముందు గణనతో పోలిస్తే పెరటి కోళ్లు 45 శాతానికి పైగా పెరిగాయి. పేపర్లో ఫారం కోడి ధర రోజూ వేస్తారు. ఈ 31 కోట్ల కోళ్ల గురించి రాసేవాళ్లు తక్కువ.

మా ఊళ్లో కోడి అంటే చేతి కింద డబ్బు. పిల్లాడికి జ్వరం వస్తే ఒక పుంజు, బడి తెరిచే రోజుల్లో రెండు పెట్టలు, అల్లుడొస్తే ఒకటి. మిర్చి డబ్బు వచ్చిందంటే అది ముందే అప్పులోళ్ల పేరు మీద ఉంటుంది. కోడి డబ్బు మాత్రం ఇంటి ఆడమనిషి కొంగున ఉంటుంది. పెట్ట లేనివాళ్లు పక్కింటి నుంచి పాలుకు తెచ్చుకుంటారు. పిల్లలైతే చెరి సగం. భూమి లేనివాళ్లు కూడా చేయగలిగిన పశుపోషణ ఇది.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఎండలు ముదిరే రోజుల్లో మా ఊళ్లోకి కొక్కెర తెగులు వచ్చింది. మొదట ఒక ఇంట్లో రెండు కోళ్లు రెక్కలు వేలాడేసి కునికిపాట్లు పడ్డాయి. పచ్చగా పారాయి. నోరు తెరిచి గురక పెట్టాయి. కొన్నిటికి మెడ వంకర తిరిగింది. ఆ సంగతి తెలియగానే మేమందరం చేసిన పని ఏమిటంటే, తెల్లారేసరికి మిగతా కోళ్లను గంపలకెత్తి సంతకు తీసుకుపోవడం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సంతలో చూస్తే సగం ఊరు అక్కడే ఉంది. వచ్చిన ధరకు అమ్ముకుని వచ్చాం. పది రోజుల్లో ఆ సంతకు వచ్చే ఊళ్లన్నిటిలో కోళ్లు చచ్చాయి. మా ఊరి ఆడపడుచును ఇచ్చిన ఊళ్లో ఒక విధవరాలు అదే సంతలో మూడు పెట్టలు కొనుక్కుపోయింది. వాటితోపాటు ఆమె ఇంట్లో ముందున్న పదకొండు కోళ్లూ పోయాయి. కూతురి కాన్పుకని దాచుకున్న కోళ్లు అవి. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మాకు మాత్రం ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మిల్లరు తూకంలో మోసం చేస్తే ధర్నా చేస్తాం. మేము సంతలో చేసింది ఏమిటి?

ఆ ఏడాది మా గూళ్లన్నీ ఖాళీ అయ్యాక సంఘంలో మొదటిసారి ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాం. అప్పుడు తెలిసింది అసలు ఇబ్బంది. కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఉంది. కానీ టీకా సీసా వంద కోళ్లకు, అంతకంటే ఎక్కువకు సరిపడా వస్తుంది. చల్లగా ఉంచాలి. ఒకసారి కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. పది కోళ్లున్న మనిషి సీసా కొని ఏం చేస్తుంది? పశువైద్యశాలకు వెళ్తే, గేదెలకైతే వస్తాం గానీ కోళ్లకు ఇంటింటికీ ఎట్లా తిరుగుతామన్నారు. ఒక్కో ఇంటికి సాధ్యం కానిది ఊరంతా కలిస్తే సాధ్యమవుతుంది. సంఘం పెట్టుకుంది ఇలాంటి పనికే కదా.

మేం చేసుకున్న ఏర్పాటు ఇది. ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలకు టీకా వేయడం నేర్పించాం. పుష్యమాసంలో ఒకసారి, ఆషాఢంలో ఒకసారి టీకా రోజు పెడతాం. ముందు రోజు రాత్రి టముకు వేయిస్తాం. కోళ్లను వదలకుండా గూట్లోనే ఉంచమని చెబుతాం. తెల్లవారుజామున థర్మాస్ ఫ్లాస్కులో ఐసు పెట్టి టీకా తెచ్చి, ఎండెక్కేలోపు వీధి వీధి ముగిస్తాం. వారం వయసు పిల్లలకు లసోటా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ వేయాలి. నెల తిరిగేసరికి మళ్లీ ఒక చుక్క. ఎనిమిది వారాలు దాటిన వాటికి రెక్క కింద ఆర్‌టూబీ సూది, ఆరు నెలలకోసారి. అమ్మవారు పోసే కోళ్లకు, అదే మశూచికి, వేరే టీకా ఉంది. టీకాకు వారం ముందు ఏలికపాముల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది. జబ్బు చేసిన కోడికి మాత్రం టీకా వేయకూడదు. అది కాపాడదు, పైగా అదే సూదితో జబ్బు పక్క కోడికి పోతుంది.

కోడికి రెండు రూపాయలు తీసుకుంటాం. మొదటిసారి సగం ఇళ్లవాళ్లు ఇవ్వలేదు. సూది వేస్తే గుడ్డు పెట్టదన్నారు. రెండో వేసవిలో చుట్టుపక్కల ఊళ్లలో తెగులు తిరిగి, టీకా వేసిన ఇళ్లలో కోళ్లు నిలబడ్డాక ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది.

టీకా రోజున వీధుల్లో మమ్మల్ని అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అవి మీ ఇళ్లలోనూ ఉండేవే.

గుడ్లు మురిగిపోతున్నాయి, పొదగడం లేదంటారు. పొదగేసే గుడ్డు వారం లోపుది కావాలి. వేసవిలో ఇంకా తాజాది కావాలి. వెడల్పు కొన పైకి పెట్టి, కుండ పక్కన చల్లని చోట ఉంచాలి. నాటు పెట్ట కిందికి పది పన్నెండు గుడ్లు చాలు. ఆశపడి ఇరవై పెడితే అంచునున్న వాటికి వేడి తగలదు. ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రటి నరాలు కనపడితే పిల్ల ఉన్నట్టు. తెల్లగా ఉన్నది తీసేయండి. ఇరవై ఒకటో రోజుకు పిల్ల రావాలి. పొదుగు గంపలో ఇసుక, బూడిద, వేపాకు వేస్తే కోడిపేలు తగ్గుతాయి. పేలు పట్టాయని పత్తి చేనుకు కొట్టే మందు కోడికి పూసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కోడి చస్తుంది, ఆ కోడిని తిన్నవాళ్లకూ ముప్పే.

గద్ద, ముంగిస, జంగుపిల్లి అంటారు. పిల్లలు పోయేది ఎక్కువగా మొదటి నెలలోనే. ఆ నెల రోజులు తల్లితో సహా పిల్లలను గంప కింద గానీ, పాత వల కప్పిన దడిలో గానీ పెట్టి అక్కడే నూకలు, నీళ్లు ఇస్తే సగం నష్టం ఆగుతుంది. గూడు నేలకు అడుగున్నర ఎత్తున ఉంటే తేమ, పాము, ముంగిస మూడింటి బాధా తగ్గుతుంది.

ఏ జాతి పెంచాలంటారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ జాతులు ఇచ్చింది. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే గ్రామప్రియ అంతకు రెట్టింపు పైనే పెడుతుంది. కానీ అవి పొదగవు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద వేసి పిల్లలు తీసినా, తల్లి గుణం మొత్తం రాదు. ప్రతిసారీ పిల్లలను బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. మేత కూడా నాటు కోడికంటే ఎక్కువ కావాలి. గద్దను చూసి పిల్లలను రెక్కల కింద దాచుకునే తెలివి నాటు పెట్టది. అందుకని మా ఊళ్లో నాటు పెట్టలను వదులుకోలేదు. ఆ కోళ్లు కావాలన్నవాళ్లు నాలుగైదు పక్కన పెంచుకుంటారు. ఒక్క రోజు వయసు పిల్లలను పంచితే మాత్రం తీసుకోకండి. బల్బు వెచ్చదనం, సరైన మేత లేకపోతే వారంలో చచ్చిపోతాయి. నాలుగు వారాలు పెంచిన పిల్లలనే అడగండి.

ఇక మన మధ్య గొడవ తెచ్చే ప్రశ్న. పక్కవాడి కోడి నా నారుమడి గీరిందంటాడొకడు. నా కోడి మందు పట్టించిన విత్తనం తిని చచ్చిందంటుంది ఇంకొకామె. ఇద్దరూ మన సంఘం వాళ్లే. మా ఊళ్లో ఒకసారి ఇది పోలీసు స్టేషను దాకా పోయింది. ఇప్పుడు మా కట్టుబాటు ఏమిటంటే, విత్తే ముందు రోజు ఆ రైతు వీధిలో చెప్పాలి. కోళ్లున్నవాళ్లు మొలకెత్తేదాకా కట్టడి చేయాలి. మిగిలిన మందు విత్తనం, గుళికల సంచులు గట్టున వదిలేస్తే తప్పు రైతుదే. చెప్పిన తర్వాత కూడా కోడిని వదిలితే తప్పు కోడి గలవాళ్లది. అప్పటి నుంచి గొడవ పంచాయితీ గడప దాటలేదు.

బర్డ్ ఫ్లూ గురించి కూడా చెప్పాలి. మన దేశంలో మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. అది వచ్చిన చోటు చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ చంపి పూడ్చేస్తారు. ఫారం కోడైనా ఒకటే, గంప కింది కోడైనా ఒకటే. చంపిన కోడికి పరిహారం ఉంది, ముందే చచ్చిన కోడికి లేదు. అందుకని కోళ్లు ఒక్కసారిగా ఎక్కువ చస్తుంటే దాచిపెట్టడం వల్ల మనకే నష్టం. వెంటనే పశువైద్యుడికి చెప్పండి. చచ్చిన కోడిని ఉత్త చేతులతో పట్టుకోకండి. కాలవలో వేయకండి. లోతు గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. గంప పట్టుకుని సంతకు మాత్రం పోకండి. మేం పోయి చూశాం కదా.

ఇక మనం అడగాల్సినవి. జాతీయ పశుసంపద మిషన్ కింద 2021 నుంచి వెయ్యి పెట్టలతో ఫారం, హ్యాచరీ పెట్టేవాళ్లకు సగం ఖర్చు, 25 లక్షల దాకా సబ్సిడీ ఇస్తున్నారు. ఇవ్వనివ్వండి, మేం కాదనం. కానీ వెయ్యి కోళ్లున్నవాడికి 25 లక్షలు దొరికే చోట, పది కోళ్లున్న ఆమెకు అర్ధ రూపాయి టీకా ఎందుకు దొరకదు? ప్రతి ఊళ్లో ఏడాదికి రెండు టీకా రోజులు పెట్టాలి. టీకా వేసే ఆడపిల్లలకు శిక్షణ, గౌరవ వేతనం ఇవ్వాలి. రైతు సేవా కేంద్రంలో టీకా నిలవకు ఫ్రిజ్ ఉండాలి. బర్డ్ ఫ్లూ పరిహారం లెక్క రాసేటప్పుడు పెరటి కోళ్లను ఇంటి ఆడమనిషి పేరు మీద రాయాలి. ఈ నాలుగూ ఈ మహాసభ తీర్మానంగా తీసుకోవాలని కోరుతున్నాం.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దని కూడా కోరుతున్నాం. ఇంటికి వెళ్లాక మీ ఊళ్లో ఎన్ని కోళ్లున్నాయో లెక్క రాయండి. ఆ లెక్క ఆడవాళ్లనే అడగండి, మనకు తెలియదు. వచ్చే పుష్యానికి కనీసం పది ఊళ్లలో ఒకే వారంలో టీకా రోజులు పెడదాం. మా ఊరి నుంచి నేర్పడానికి ఇద్దరు ఆడపిల్లలు సిద్ధంగా ఉన్నారు. వాళ్లు ఆ మూడో వరసలో కూర్చున్నారు. సభ అయ్యాక భోజనాల దగ్గర వాళ్లకు మీ ఊరి పేరు ఇచ్చి వెళ్లండి.

సెలవు.