అతుకు దాచకూడదు

మా గురువుగారి పేరిట జరిగే సభ కాబట్టి ఆయన చేతిపని గురించే చెబుతాను. శిలాజం దొరికితే కనుగొన్నవారి పేరు పత్రికల్లో వస్తుంది. ముక్కలై వచ్చిన ఎముకను నెలల తరబడి రాతి నుంచి విడదీసి అతికినవారి పేరు మాత్రం ఎక్కడా కనబడదు.

తొలిరోజుల్లో సుత్తి, ఉలి తప్ప ఈ పనికి పెద్ద సరంజామా లేదు. తవ్విన చోట బాగానే ఉన్న ఎముక బండి కుదుపులకే పొడయ్యేది. 1876లో అమెరికాలోని మోంటానాకు వెళ్లిన శిలాజ అన్వేషకులు కోప్, స్టెర్న్‌బర్గ్‌ల దగ్గర బియ్యం దండిగా ఉన్నాయి. వాటిని జావలా ఉడికించి, పిండిసంచుల గుడ్డ అందులో ముంచి ఎముకలకు చుట్టారు. ఆరాక పెంకులా బిగిసింది. చీరలకు గంజి పెట్టుకునే మనకు ఆ కిటుకు కొత్తేమీ కాదు! తర్వాత ఆ గంజి స్థానంలోకి ప్లాస్టర్ కట్టు వచ్చింది.

అసలు పరీక్ష బెల్జియంలో ఎదురైంది. 1878లో బెర్నిసార్ట్ బొగ్గుగనిలో 322 మీటర్ల లోతున ఇగ్వానోడాన్ డైనోసార్ల అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఎముకల నిండా పైరైట్ అనే ఖనిజం. గాలి, తేమ తగలగానే అది పొంగి ఎముకను లోపలి నుంచి పగలగొట్టేది. అప్పటివాళ్లు వేడి జిగురు పట్టించారు. అది చాలక 1930లలో అస్థిపంజరాలను విప్పి లక్క పట్టించి, గాజు గదుల్లో పెట్టారు. ఈ శతాబ్దంలో మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఒక తరం వైద్యాన్ని తర్వాతి తరం తీసేయక తప్పలేదు.

అందుకే గురువుగారు జిగురు సీసా ముట్టుకోబోతే ఆపేవారు. "తీయలేని జిగురు పెట్టకురా" అనేవారు. భూతద్దం కింద పక్కటెముకను ఇసుకసంచి మీద ఆనించి, సూదిమొనతో ఒక్కో రేణువూ లేపేవారు. రాయి రంగు మారగానే చెయ్యి ఆగేది. పగులు కనబడితే ఎసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురు ఒక్క బొట్టు వేసేవారు. రేపు పొరపాటని తేలితే అదే ఎసిటోన్‌తో ఊడదీయవచ్చు.

జిగురు కన్నా పెద్ద ప్రమాదం అందం మీద మోజు. ఇంగ్లండ్‌లో థామస్ హాకిన్స్ సేకరించిన సముద్ర సరీసృపాల శిలాజాలను 1834లో బ్రిటిష్ మ్యూజియం కొన్నది. లేని భాగాలను ఆయన ప్లాస్టర్‌తో పూరించి అసలువాటిలా కలిపేశాడని తర్వాత బయటపడింది. పూరించడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. ఎముకను చదవడానికి వచ్చేవాడికి అది దొంగ సాక్ష్యం.

మన కోటాసారస్ డైనోసార్‌నే చూడండి. 1970ల చివర అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వారు 840 ఎముక భాగాలు తీశారు. కనీసం 12 జంతువులవి కలగలిసి ఉన్నాయి. 1988లో ఆ సర్వేకే చెందిన యాదగిరి గారు ఆ జంతువుకు పేరు పెట్టారు. ఇప్పుడు దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. పుర్రె దొరకలేదు, దొరికినవి రెండు పళ్లే. అక్కడ మీరు చూసే తల మనుషులు ఊహించి చేసిందే. పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

మ్యూజియాలవారికి నాదొక విన్నపం. ప్రతి నమూనా పక్కన ఏది ఎముక, ఏది ప్లాస్టర్, ఎవరు అతికారు, ఈ మూడూ రాయించండి.