రెండో గుమ్మం



మన ఇళ్లలో పిల్లవాడు అలిగితే ఏం జరుగుతుంది? కంచం ముందు నుంచి లేచిపోతాడు. పిలిస్తే పలకడు. అమ్మ రెండుసార్లు పిలుస్తుంది. "ఆకలేస్తే వాడే వస్తాడులే" అంటాడు నాన్న. చివరికి అమ్మమ్మో మేనమామో వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి తీసుకొస్తారు. అలక అంటే కోపం ఒక్కటే కాదు. "నా బాధ మీకు పట్టదా?" అని నోటితో అడగలేని ప్రశ్న అది. బతిమాలేవాళ్లు ఉన్నంతకాలం అలక తీరుతుంది. బతిమాలేవాళ్లు లేని ఇంట్లో అలక ఏమవుతుంది? ఈ ప్రశ్నతో పసిఫిక్ మహాసముద్రంలోని కొన్ని చిన్న దీవులు ఏళ్ల తరబడి కుస్తీ పట్టాయి. అక్కడి యువతీయువకులు ప్రాణాలు తీసుకోకుండా కాపాడడానికి ఊరివారు, చర్చివారు చేసిన ప్రయత్నం గురించి ఈవేళ నాలుగు మాటలు చెబుతాను.

మైక్రోనీషియాలో చూక్ అనే దీవుల సముదాయం ఉంది. అక్కడి భాషలో "అమ్వునుమ్వున్" అనే మాట ఉంది. మన అలకకు అది దగ్గరి చుట్టం. తనకంటే పెద్దవాళ్లు మనసు నొప్పించినప్పుడు చిన్నవాడు ఎదురు చెప్పకూడదు. అది అక్కడి మర్యాద. అందుకని అతడు మాట మానేస్తాడు, తిండి మానేస్తాడు, ఇల్లు వదిలి కొన్నాళ్లు పోతాడు. అందులో పగ లేదు. తెగిన బంధాన్ని పెద్దలే వచ్చి అతకాలన్న ఆశ ఉంది.

పూర్వం అలా అలిగినవాడికి పోవడానికి చోటు ఉండేది. చూక్‌లో వంశం తల్లి వైపు నుంచి లెక్క. మేనమామల అధికారం పెద్దది. తండ్రితో పేచీ వస్తే మేనమామ ఇంటి గుమ్మం తెరిచే ఉండేది. వంశం వారందరికీ కలిపి ఒక పెద్ద సావడి ఉండేది, వయసు వచ్చిన కుర్రవాళ్లు అక్కడ పడుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ దీవులు అమెరికా పాలనలోకి వెళ్లాయి. 1960ల నుంచి డబ్బూ జీతాల ఉద్యోగాలూ పెరిగాయి. వంశపు భూమి మీద అందరూ కలిసి తినే రోజులు తగ్గి, తండ్రి జీతం మీద ఎవరి ఇల్లు వారిదయింది. మేనమామ పెత్తనం సన్నగిల్లింది. ఇంట్లో గొడవ వస్తే పోవడానికి రెండో గుమ్మం లేకుండా పోయింది.

అదే 1960ల నుంచి అక్కడ యువకుల ఆత్మహత్యలు పెరగసాగాయి. మరణించినవారిలో ఎక్కువమంది పదిహేనేళ్లు దాటి ముప్పై నిండని మగపిల్లలు. డొనాల్డ్ రూబిన్‌స్టైన్ అనే మానవశాస్త్రవేత్త 1983లో దీని మీద వ్యాసం రాశారు. ఫ్రాన్సిస్ హెజెల్ అనే జెసూట్ ఫాదరీ చూక్‌లో ఏళ్ల తరబడి ఉండి, ఒక్కొక్క మరణం వెనుక ఉన్న కథను ఓపికగా తెలుసుకున్నారు. పైకి చూస్తే చిన్న తగవే కనిపించేది. అడిగింది ఇవ్వలేదనో, తిట్టారనో అనిపించేది. కాని ఆ తగవు చివరి చుక్క మాత్రమే. దాని వెనుక ఎన్నాళ్లుగానో పేరుకున్న బాధ ఉంది, చెప్పుకోవడానికి దారి లేని మౌనం ఉంది. ఏ మరణమూ ఒక్క మాట వల్ల, ఒక్క మనిషి వల్ల జరగదు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల మీద నింద వెయ్యకూడదని ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడ చర్చి చేసిన పని గమనించదగినది. ఆత్మహత్యను పాపమని చాటడం క్రైస్తవ సంప్రదాయంలో చాలాకాలంగా ఉన్న అలవాటే. పాపమని చాటితే బాధలో ఉన్నవాడు మరింత దాక్కుంటాడు, పోయినవాడి కుటుంబం తలెత్తుకోలేదు. చూక్‌లో మరో దారి కనిపించింది. 1972లో కాథలిక్ చర్చి అక్కడ మైక్రోనీషియన్ సెమినార్ అనే సంస్థను పెట్టింది. హెజెల్ ఫాదర్ దాన్ని చాలాకాలం నడిపారు. ఆ సంస్థ ప్రజల కష్టాల మీద పరిశోధన చేసి, దాన్ని సులభమైన వ్యాసాలుగా, వీడియోలుగా తిరిగి ప్రజలకే అందించింది. ఇంటి గుట్టుగా దాచిన బాధ ఊరందరూ కూర్చుని మాట్లాడుకునే విషయమయింది.

ఇప్పుడు దక్షిణాన సమోవాకు వెళదాం. 1962లో స్వాతంత్ర్యం పొందిన దేశం అది. 1997 దాకా దాన్ని పశ్చిమ సమోవా అనేవారు. అక్కడ ప్రతి కుటుంబానికీ "మతాయ్" అనే పెద్ద ఉంటాడు. ఊరి సభ ఆ పెద్దలదే. సాయంత్రం ప్రార్థన వేళకు చాలా ఊళ్లలో రాకపోకలు ఆగిపోతాయి. పెద్దల ముందు పిన్నలు పెదవి విప్పకపోవడం అక్కడా మర్యాదే. 1970లలో ఆ తోటల్లోకి పారాక్వాట్ అనే కలుపు మందు వచ్చింది. ఇంటింటా అందుబాటులో ఉండడంతో యువకుల ఆత్మహత్యలు విపరీతంగా పెరిగాయి. 1981లో అవి శిఖరానికి చేరాయి. ఆ తరువాత మందు సరఫరా తగ్గింది, ఈ విషయం మీద బహిరంగంగా ప్రచారం జరిగింది, మరణాలు తగ్గుముఖం పట్టాయి.

ఇందులో రైతు కుటుంబాలకు ఒక పాఠం ఉంది. ప్రాణం మీద విరక్తి పుట్టే ఘడియ చాలామందిలో శాశ్వతం కాదు. ఆ ఘడియ గడిస్తే మనిషి మళ్లీ బతకాలనే కోరుకుంటాడు. ఆ ఘడియలో పురుగుమందు చేతికి అందకపోతే ఒక ప్రాణం నిలుస్తుంది. మందు డబ్బా పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి పెద్దల దగ్గర ఉంచుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కరలేదు.

సమోవా చర్చిల్లో ఒక చక్కని ఆచారం ఉంది. అక్టోబరు నెల రెండో ఆదివారాన్ని తెల్ల ఆదివారం అంటారు. ఆరోజు పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంటారు. ప్రార్థన వాళ్లే నడిపిస్తారు, వాక్యాలు వాళ్లే చెబుతారు. ఇంటికి వచ్చాక మొదటి వడ్డన పిల్లలకు. మిగిలిన రోజుల్లో పెద్దలు తిన్నాక తినే పిల్లలకు ఆరోజు పెద్దలే వడ్డిస్తారు. ఏడాదికి ఒక్కరోజు పిల్లలు మాట్లాడతారు, పెద్దలు వింటారు. ఆత్మహత్యల నివారణకు చర్చి చెయ్యవలసిన పనంతా ఆ ఒక్కరోజులోనే ఉందని నాకనిపిస్తుంది. ఆ ఒక్క ఆదివారాన్ని ఏడాది పొడుగునా సాగదీయగలిగితే చాలు.

యుద్ధం తరువాత వేలమంది పసిఫిక్ దీవులవారు పని కోసం న్యూజిలాండ్ చేరారు. పరాయి దేశంలో వాళ్లకు ఊరూ, సావడీ అన్నీ చర్చే. ఆక్లండ్‌లో 1947 నుంచే పసిఫిక్ దీవులవారికంటూ ఒక చర్చి ఉంది. అయితే చర్చి కూడా పెద్దల ఇల్లే. పాస్టరుగారికి చెప్పిన మాట నాన్నకు చేరుతుందేమోనన్న భయం ఉన్నచోట కుర్రవాడు నోరు విప్పడు. అందుకే అక్కడి పసిఫిక్ జనం తమ సంస్కృతిలోంచే కొత్త దారులు వెతుక్కున్నారు. ఆ దారుల్లో ఒకటి "లే వా" అనే సంస్థ. సమోవా భాషలో "వా" అంటే ఇద్దరు మనుషుల మధ్య ఉండే ఎడం. ఆ ఎడం వాళ్లను విడదీసేది కాదు, కలిపి ఉంచేది. దాన్ని తోటలా చూసుకోవాలంటారు. ఈ సంస్థ పాస్టర్లకూ, యువజన నాయకులకూ, తల్లిదండ్రులకూ ఒక సంగతి నేర్పుతుంది. బాధలో ఉన్నవాడి గుర్తులు ఎలా పట్టాలి, అతణ్ణి ఎలా అడగాలి, సాయం చేసేవారి దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి అన్నదే ఆ సంగతి.

అక్కడే కార్ల్ పులోటు-ఎండెమన్ అనే సమోవా ఆరోగ్య కార్యకర్త మనిషి క్షేమాన్ని ఒక ఇంటిగా చూపించారు. కుటుంబం పునాది. సంస్కృతి పైకప్పు. శరీరం, మనసు, ఆత్మ, మిగిలిన జీవిత పరిస్థితులు నాలుగు స్తంభాలు. ఏ స్తంభం వంగినా ఇల్లు ఒరుగుతుంది. ప్రార్థన ఒక స్తంభాన్ని నిలబెడుతుంది, వైద్యం మరో స్తంభాన్ని నిలబెడుతుంది. ప్రార్థన చేస్తున్నాం కదా వైద్యుడెందుకు అనడమూ, వైద్యుడు ఉన్నాడు కదా పలకరింపు ఎందుకు అనడమూ రెండూ పొరపాటే.

ఇంత దూరపు దీవుల కథ మనకెందుకని మీరు అడగవచ్చు. ఆ సముద్రంలో మనవాళ్లూ ఉన్నారు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఆ ఓడల్లో ఉన్నారు. ఆ కూలీ లైన్లలో ఆత్మహత్యలు భయంకరంగా ఉండేవి. 1915లో అక్కడికి వెళ్లిన సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్‌తో కలిసి రాసిన నివేదికలో ఆ సంగతి లోకానికి చెప్పారు. ఆండ్రూస్ కూడా ఫాదరీగా జీవితం మొదలుపెట్టినవారే. అసూయల వల్లే ఈ చావులని ఆనాటి అధికారులు తేల్చేశారు. తరువాత ఫిజీ చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ఆ లెక్కలను తిరగేసి చూశారు. కుటుంబం, చుట్టరికం, కులపెద్దలు, గుడి ఇలా మనిషిని పట్టి ఉంచే కట్లన్నీ తెగిపోవడమే అసలు కారణమన్నారు. చూక్ కుర్రవాడికి లేకుండా పోయిన రెండో గుమ్మమే, ఫిజీలో మన తెలుగు కూలీకీ లేకపోయింది. తరువాత అక్కడి దక్షిణ భారతీయులు 1926లో సంగం పెట్టుకున్నారు, బడులు కట్టుకున్నారు, గుడులు కట్టుకున్నారు. తెగిన కట్లను మళ్లీ ముడివేసుకోవడమంటే అదే.

సొంత రాష్ట్రానికి అవతల తరాలుగా స్థిరపడిన మనకు ఈ సంగతి త్వరగా అర్థమవుతుంది. బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా, బళ్లారిలోనైనా, హోసూరులోనైనా మన సంఘాలు ఉగాదికి కలుస్తాయి, పెళ్లిళ్లకు కలుస్తాయి. మన పిల్లలు పరీక్ష తప్పినరోజున, ప్రేమ విఫలమైన రోజున, అప్పు పెరిగినరోజున వాళ్లకు ఆ సంఘం గుమ్మం తెరిచి ఉంటుందా? ఎవరికి వారు ఆలోచించండి.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒక పిల్లవాడు అందరికీ దూరంగా ఉంటున్నాడనుకోండి. నిద్ర మానేశాడు, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నాడు, "నేను లేకపోతే మీకు హాయి" అంటున్నాడు. "ఊరికే అంటున్నాడులే" అని తోసెయ్యకండి. పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినవారు ఒకరున్నారని అతడికి ధైర్యం వస్తుంది. తిట్టకుండా వినండి. ఒంటరిగా వదలకండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. 2022లో మన ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడవచ్చు. మీకే అలాంటి ఆలోచన వస్తుంటే ఆ ఫోను మీరే చెయ్యండి, లేదా మీరు నమ్మే ఒక్క మనిషికి ఈరోజే చెప్పండి.

అలిగినవాడు తలుపు వేసుకున్నాడంటే, ఎవరైనా వచ్చి తడతారేమోనని లోపల చెవి ఒగ్గి ఉన్నాడని అర్థం. వెళ్లి తట్టండి.