గుండ్రని కమ్మీపై తిన్నని గీత

బొమ్మలు చేయు తరిమెనను మీరెరుగుదురు. అందు కొయ్య తిరిగినంతసేపు గుండ్రదనమే గాని చదునైన పలక రాదు. నేటి కంప్యూటరు లేతున కమ్మీని మెల్లగా త్రిప్పుచు, తిరుగుడు కత్తిని లోనికిని వెలికిని జరిపి పలక తీయుదురు. ఫానక్ యంత్రములందు జీ 12.1 అను ఆజ్ఞ యిందులకే.

40 మిల్లీమీటర్ల వ్యాసముగల కమ్మీపై, కేంద్రమునకు 15 మిల్లీమీటర్ల దూరమున గీత కావలెననుకొనుడు. కత్తి 20 నుండి 15కు వచ్చి మరల 20కి పోవును. ఆలోగా కమ్మీ సుమారు 83 డిగ్రీలు తిరుగును. పనివాడు గీత కొసలు వ్రాసిన చాలును. తక్కిన లెక్క యంత్రమే చేసికొనును. అయితే ఎక్స్‌ను సాధారణముగా వ్యాసముగను, సీని వ్యాసార్ధపు కొలతగను వ్రాయవలెను. ఇది మరచిన సరకు పాడగును.

గీత కేంద్రమునకు చేరువైనకొలది చిక్కు హెచ్చును. దూరము సగమైన, అచ్చట కమ్మీ తిరుగవలసిన వేగము రెట్టింపగును. కేంద్రము గుండ పోవు గీతకు ఒక్క క్షణమున అర్ధచుట్టు తిరుగవలెను. అది యే యంత్రమునకు సాధ్యము? అట్టి పనికి వై అక్షముగల లేతును వెదకుకొనుట మేలు.