మంచం మోసిన నలుగురు



మార్కు సువార్త రెండవ అధ్యాయంలోని పక్షవాత రోగి సంగతి మనకందరికీ తెలిసినదే. స్వస్థపరచినవాడు ప్రభువే. అయితే రోగిని మోసుకొచ్చి, జనంలో దారి దొరకక, ఇంటి కప్పు విప్పి దింపినవారు నలుగురు. వారి పేర్లు సువార్తలో లేవు. వారు లేనిదే ఆ రోగి ప్రభువు సన్నిధికి చేరేవాడు కాడు.

నేటి ఆసుపత్రిలో ఆ నలుగురు ఎవరు? రక్తం పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే తీసేవారు, మత్తు యంత్రం సిద్ధం చేసేవారు, పడిపోయిన చేతికి మళ్లీ కదలిక నేర్పే ఫిజియోథెరపిస్టు. 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ ఈ సంగతి ఏనాడో గ్రహించారు. తానొక్కతే చేయగలిగినది కొద్దేనని, స్థానిక స్త్రీలకు కాన్పులు చేయడం, మందులు కలపడం నేర్పించారు. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు.

మన ఇళ్లలో మాత్రం బై.పి.సి. చదివిన బిడ్డకు డాక్టరు సీటు రాకపోతే దుఃఖమే. "ఇంక ఏం చదువుతావు?" అని చుట్టాలు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మన ఊళ్లోనే ఉన్నది. ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం 1986లో విజయవాడలో ఏర్పడింది. 2022లో పేరు మారి, 2024లో మళ్లీ డాక్టర్ ఎన్.టి.ఆర్. పేరు వచ్చింది. కనుక పట్టాల మీద వేరు పేర్లు కనబడితే కంగారుపడనక్కరలేదు. వైద్యంతోపాటు ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ వంటి డిగ్రీలూ దాని పరిధిలోనివే.

ఇవి చిన్న చదువులు కావు. ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనం ఎరుగుదుము. ఒక్కసారి డయాలసిస్‌కు సుమారు నాలుగు గంటలు పడుతుంది. ఆ సమయంలో దాదాపు 120 లీటర్ల ద్రవం యంత్రం గుండా పోతుంది. ఆ నీటిని శుద్ధి చేసేటప్పుడు క్లోరిన్ కలిసిన రసాయనాలు మిగిలిపోతే రోగి రక్తకణాలు చిట్లిపోతాయి. దానిని కనిపెట్టి చూసే టెక్నీషియన్ చేతిలో ప్రాణమున్నది. అట్టి చేతికి సరియైన శిక్షణ ఉండవద్దా?

అసలు భయం ఇక్కడే. పొలం తాకట్టు పెట్టి, నగలు అమ్మి ఫీజు కట్టిన తరువాత, ఆ కాగితం ఏ ఆసుపత్రిలోనూ చెల్లదని తెలిస్తే ఆ కుటుంబం ఏమవుతుంది? 2021లో పార్లమెంటు ఈ వృత్తులకు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తికి కనీసం 2,000 గంటల చదువు, రెండు నుంచి నాలుగేళ్లలో పూర్తి కావాలి. పై తరగతి వృత్తికి కనీసం 3,600 గంటలు, మూడు నుంచి ఆరేళ్లలో. ఆరు నెలల్లో అంతా నేర్పుతామని గోడమీద రాసినవారిని ఈ లెక్కతో కొలవవచ్చు.

కనుక తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కోర్సుకు, ఈ సంవత్సరానికి, యూనివర్సిటీ అనుమతి ఉన్నదా? కాలేజీవారు చూపిన కాగితంతో ఆగక, యూనివర్సిటీ ప్రకటించే జాబితాలోనే చూడాలి. పిల్లలు ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు పని నేర్చుకుంటారు? మధ్యలో మానవలసి వస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇస్తారా? ప్రవేశ నియమాలు మారుతుంటాయి గనుక ఏటేటి ప్రకటన చదవాలి.

ఇది ఒక్కొక్క ఇంటికి వదిలిపెట్టే పని కాదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత ప్రతి విచారణలో ఒక ఆదివారం, పూజానంతరం, ఈ చదువులు చదివినవారు కూర్చుని పిల్లలకు దారి చెప్పాలి. బస్సు చార్జీకి, పుస్తకాలకు ఇబ్బందిపడే విద్యార్థికి సంఘం చేయి అందించాలి.

గుణదల మాత పండుగ నాడు ఎందరో రోగులు కొండకు వస్తారు. అదే ఫిబ్రవరి 11ను 1993 నుంచి తిరుసభ ప్రపంచ రోగుల దినంగా ఆచరిస్తున్నది. ఆ రోగులకోసం మనం ప్రార్థిస్తాము. వారికి సేవచేసే చేతులను కూడా మన ఇళ్లనుంచే పంపుదము. ఆ తల్లి మన బిడ్డలను దీవించును గాక.